ఆవిడ గొంతుకి నలభై రోజుల సెలవు

మనుషుల్ని అచ్చుగుద్దినట్టు దించేవాళ్ళంటే నాకు చిన్నప్పట్నుంచీ బలహీనత. ఎనిమిదో తరగతిలో మా లెక్కల మాస్టారు సుద్దముక్క విరిచి, కళ్ళజోడు పైనుంచి చూసి, "ఏమ్మా, రాత్రి మీ ఇంట్లో పెళ్ళా, అంత నిద్రా?" అనే తీరుని నేను క్లాసంతటికీ చేసి చూపిస్తుంటే, ఆయన నా వెనకాలే నిలబడి ఉన్నారు. ఆ పూట అరచేతి మీద ఎన్ని దెబ్బలు పడ్డాయో గుర్తులేదు గానీ, బెత్తం ఎత్తేముందు ఆయన మూతి చివర ఒక నవ్వు వచ్చి ఆగిపోవడం మాత్రం గుర్తుంది. తనని ఎవరో అంత శ్రద్ధగా చూశారని ఆయనకి లోపల సంతోషం వేసినట్టుంది.

అందుకే, రెండు వేల మూడులో పెళ్ళి చేసుకుని శాంటా క్లారా వచ్చిన కొత్తలో, మా పై అపార్ట్‌మెంట్‌లో రోజూ మధ్యాహ్నం ముగ్గురు ఆడవాళ్ళు పోట్లాడుకుంటుంటే నేను ఊరుకోలేకపోయాను. నాది డిపెండెంట్ వీసా. ఉద్యోగం చేయకూడదు, కారు నడపడం రాదు, టీవీ పెడితే ఏడుపొచ్చేది. నాలుగో రోజు గిన్నెలో కాస్త పులిహోర పెట్టుకుని, ఇచ్చే నెపంతో మెట్లెక్కి తలుపు కొట్టాను. తీసింది ఒకే ఒక్క మనిషి. పొట్టిగా, గుండ్రంగా, నలభై అయిదేళ్ళ మగమనిషి. చేతిలో ఉల్లిపాయలు తరిగే కత్తి. వెనక ఇంట్లో ఇంకెవరూ లేరు. "మీ ఇంట్లో ఆడవాళ్ళు..." అని నసిగాను. ఆ ముగ్గురిలో పెద్దావిడ గొంతుతో అతను నన్ను లోపలికి రమ్మన్నాడు.

అతనిది ఫిలిప్పీన్స్. వారంలో అయిదు రోజులు ముసలివాళ్ళని ఉంచి చూసుకునే ఒక ఇంట్లో పొద్దుటి పూట పని. వాళ్ళకి స్నానాలు చేయించడం, అన్నం తినిపించడం, మంచం మీద అటూ ఇటూ తిప్పడం. శని, ఆదివారాలు కమెడియన్. వాళ్ళ దేశపు సినిమావాళ్ళనీ, పాడేవాళ్ళనీ, రాజకీయ నాయకుల భార్యల్నీ దించేవాడు. పేరు చెప్పాడు గానీ, పేరుపెట్టి పిలిస్తే ఒప్పుకోలేదు. తమకంటే పెద్దవాడిని వాళ్ళు కూయా అంటారట, అన్నయ్య అని. మరి మీ భాషలో నువ్వు నాకేమవుతావు అని అడిగాడు. ఆ రోజు నుంచి అతను నాకు కూయా, నేనతనికి చెల్లి. మా అన్నయ్య గొంతు ఫోన్ స్పీకర్‌లో ఒక్కసారి విన్నాడంతే, ఆ తర్వాత నన్ను "చెల్లీ" అని పిలిస్తే అన్నయ్యే గుమ్మంలో ఉన్నట్టుండేది. మేం మాట్లాడుకున్నదంతా ఇంగ్లిష్‌లోనే. ఇక్కడ తెలుగు చేసి రాస్తున్నాను.

అతను దించేవాళ్ళలో అందరికంటే పెద్ద పేరున్నది ఒక గాయని. వాళ్ళ దేశంలో ఆవిడ పాట వినని ఇల్లు లేదట. సినిమాల్లో కడుపుబ్బ నవ్వించేది, స్టేజీ ఎక్కితే ఏడిపించేది. అప్పటికే అతను ఆవిడని పదేళ్ళకు పైగా చేస్తున్నాడు. తళుకుల గౌను, ఎత్తుగా దువ్విన విగ్గు, మోచేతి దాకా తొడుగులు. అవన్నీ తీసేసి బనీనుతో నిలబడి చేసినా ఆవిడే కనిపించేది. ఎలా నేర్చుకున్నావని అడిగితే, ముసలివాళ్ళ దగ్గర నేర్చుకున్నానన్నాడు.

"మాట పోయినవాళ్ళు కూడా చెప్పేముందు ఊపిరి తీసుకుంటారు చెల్లీ. నొప్పికి ఒకలా, దాహానికి ఒకలా, కోపానికి ఒకలా. ఎవరిని దించాలన్నా ముందు ఊపిరి పట్టుకోవాలి. ఊపిరి దొరికితే గొంతు దానంతటదే వస్తుంది."

ఆవిడ ఊపిరి నాకు బాగా తెలుసు. పాట ఎత్తుకునేముందు ముక్కుతో చిన్నగా ఒకసారి, ఆగి, నోటితో ఇంకొకసారి. గుక్కపెట్టి ఏడ్చిన పిల్ల సముదాయిస్తే ఊరుకునేటప్పుడు తీసుకుంటుంది చూడండి, అలా.

నాకు ఎందుకు తెలుసంటే, తొమ్మిదేళ్ళపాటు ఆ ఊపిరి కోసం మీట మీద వేలు పెట్టుకుని కాచుకున్నది నేను. పాడేవాళ్ళ గొంతు తీసేసి వాయిద్యాలు మాత్రం ఉంచిన పాటని వాళ్ళు మైనస్ వన్ అంటారు. అతను స్టేజీ మీద ఎడమ చెవి ముట్టుకుంటాడు, ఆ రెండు ఊపిర్లూ తీసుకుంటాడు, నేను నొక్కాలి. మొదటిసారి మిల్పీటస్‌లో ఒక రెస్టారెంట్‌లో, ఎవరి బిడ్డకో బాప్టిజం విందు. అతను నిజంగానే చెవి దురదపెట్టి గోక్కున్నాడు, నేను నొక్కేశాను. జోకు మధ్యలో వయొలిన్లు మొదలయ్యాయి. అతను ఆవిడ గొంతుతోనే తన భాషలో నన్ను దులిపేశాడు. హాలంతా పడీపడీ నవ్వారు. నాకు ఒక్క ముక్క అర్థం కాకపోయినా నేనూ నవ్వాను. ఆ తిట్లని తర్వాత షోలో ఒక భాగం చేసుకున్నాడు, నేను ప్రతిసారీ కావాలని తప్పు నొక్కాల్సి వచ్చేది.

నా విజ్ఞానమంతా అదీ. భాష రాదు, ఎక్కడ నవ్వుతారో మాత్రం కంఠతా వచ్చు. మా ఆయన ఆటపట్టించేవాడు. "నీకు వర్క్ పర్మిట్ లేదు గానీ వీకెండ్ వస్తే నీ అంత బిజీ మనిషి లేదు. ఫ్రీగా డ్రైవ్ చేసే అసిస్టెంట్‌ని నేనొకణ్ణి." విసుక్కుంటూనే తీసుకెళ్ళేవాడు. ఆడపిల్లలకి పద్దెనిమిదేళ్ళు నిండితే వాళ్ళు పెళ్ళంత ఘనంగా చేస్తారు, ఆ వేడుకలకి పిలిచేవారు. నర్సుల సంఘంవాళ్ళ పిక్నిక్‌లకి పిలిచేవారు. ఒక ఏడాది రీనోలో క్యాసినో చిన్న స్టేజీ మీద మూడు వారాలు చేశాడు. గౌను అంచు ఊడితే నేను చీరకి ఫాల్ వేసే కుట్టుతో వేసిపెట్టేదాన్ని, వీపు దగ్గర జాకెట్ హుక్కులు పెట్టాను. ఈలోగా మాకు పాప పుట్టింది, నాకు గ్రీన్ కార్డ్ వచ్చింది, ఉద్యోగం వచ్చింది, శాన్ రామన్‌లో ఇల్లు కొనుక్కుని వెళ్ళాం. కూయా మాత్రం ఆ పై అపార్ట్‌మెంట్‌లోనే ఉన్నాడు. అతనికి ఈ-మెయిల్ రాయాలంటే చెమటలు పట్టేవి, అందుకని అతని షోల తేదీలన్నీ నేనే చూసేదాన్ని.

అతనికి ఒక కోరిక ఉండేది. శాన్ హోజేలో ఒక పెద్ద హాలు, పైన బాల్కనీ, ముందు ఎర్ర మఖమల్ తెర. ఆ గాయని అమెరికా వచ్చినప్పుడు అందులోనే పాడింది. కూయా ఆఖరి వరసలో కూర్చుని విన్నాడట. అయ్యాక వెనక గుమ్మం దగ్గర కాచుకుని, ఆవిడ ఎదుటే ఆవిడ తిట్టే తిట్టొకటి చేసి చూపించాడట. ఆవిడ అతని బుగ్గ గిల్లి, "నా కంటే నువ్వే బాగా తిడుతున్నావు" అని కారెక్కిందట. ఈ కథ నాకు కనీసం వందసార్లు చెప్పి ఉంటాడు. ప్రతిసారీ బుగ్గ తడుముకునేవాడు. ఎప్పటికైనా ఆ తెర వెనక నుంచి తను రావాలి. అంతే అతని కోరిక. కానీ మోకాళ్ళు అరుగుతున్నాయి, పై స్థాయిలో గొంతు సన్నబడుతోంది, ఎక్కువ కాలం లేదని అతనికీ తెలుసు, నాకూ తెలుసు.

రెండు వేల పన్నెండులో ఒక మంగళవారం ఉదయం ఆవిడ పోయింది. కూయా పనిలోంచి నాకు ఫోన్ చేశాడు. తన గొంతుతో, ఆ గొంతు నేను చాలా తక్కువసార్లు విన్నాను, "తొమ్మిది రోజులు చర్చిలో ప్రార్థనలుంటాయి. నన్నేమీ అడక్కు చెల్లీ, అన్నీ నువ్వే చూసుకో" అన్నాడు.

నేను చూసుకున్నాను. అదే నేను చేసిన తప్పు.

ఆ వారం ఈ-మెయిల్స్ కుప్పలుగా వచ్చాయి. ఆవిడకి నివాళిగా షో చేయాలని అందరికీ అతనే కావాలి. వాటిలో ఒక ప్రమోటర్ ఆ మఖమల్ తెర హాలు నుంచి రాశాడు. ఆ హాలు పేరు మళ్ళీ మళ్ళీ చదువుకున్నాను. పై ఆదివారం మధ్యాహ్నం ఆట అన్నాడు. లెక్కపెట్టాను, అది పదమూడో రోజు. నాకు తెలిసిన మర్యాదంతా ఉపయోగించి, "వద్దండీ, పదమూడు రోజులూ వెళ్ళనివ్వండి" అని రాసి, ఆ పై ఆదివారానికి ఒప్పుకున్నాను. మనకి పదమూడో రోజుతో శుభస్వీకారం అయిపోతుంది, ఇంటికి అంటు పోతుంది, ఆ తర్వాత ఎవరి పనుల్లో వాళ్ళు పడతారు. వాళ్ళ ప్రార్థనలు తొమ్మిది రోజులేనని అతనే చెప్పాడు కదా. నేను ఇంకో వారం ఎక్కువే ఇచ్చాననుకుని నన్ను నేను మెచ్చుకున్నాను కూడా. సంతకం పెట్టాను. పోస్టర్లు వేశారు. ప్రార్థనలు అయ్యేదాకా అతనికి చెప్పకూడదనుకున్నాను, ఇరవై ఏళ్ళ కోరికని ఒక్కసారిగా చేతిలో పెట్టాలని ముచ్చట.

పదో రోజు అతను మా ఇంటికి వచ్చాడు. బాగా చిక్కిపోయి ఉన్నాడు. కాఫీ ఇచ్చి, పోస్టర్ బల్ల మీద పరిచాను. హాలు పేరు చూడగానే అతని చెయ్యి బుగ్గ మీదికి వెళ్ళింది. తర్వాత తేదీ చూశాడు. వేళ్ళ మీద లెక్కపెట్టాడు. చెయ్యి కిందికి దిగింది.

"ఇది ఇరవయ్యో రోజు, చెల్లీ."

"అవును, పదమూడు దాటాకే పెట్టించాను."

"మాకు నలభై," అన్నాడు.

నలభై రోజులదాకా ప్రాణం ఇక్కడిక్కడే తిరుగుతుందట, తనకి తెలిసిన చోట్లన్నిటికీ వెళ్ళి చూసుకుంటుందట. వాళ్ళ నాయనమ్మ చెప్పింది. అప్పటికి అతను చిన్నపిల్లాడు, పోయిన తాతయ్య దగ్గుని సరదాగా దించితే ఆవిడ అతని నోరు మూసిందట. పోయినవాళ్ళు తమ గొంతు ఇంకొకరి నోట్లోంచి వింటే, ఇంకా ఒంట్లోనే ఉన్నామనుకుని ఆగిపోతారు, దారి తప్పుతారు అని. ఈ రోజుల్లో ఇదంతా ఎవరు పట్టించుకుంటారో అతనికి తెలియదు. అతను మాత్రం ఎవరు పోయినా నలభై రోజులూ వాళ్ళ గొంతు ముట్టుకోలేదు.

నేను నాలుక కరుచుకున్నాను. తొమ్మిదేళ్ళు పక్కనే ఉండి ఈ మాట నాకు తెలియకపోవడం ఏమిటి? వెంటనే ప్రమోటర్‌కి ఫోన్ చేశాను. అతనూ వాళ్ళ దేశంవాడే. "మేడమ్, అవన్నీ పల్లెటూరి మాటలు. టికెట్లు అమ్ముడైపోయాయి. ఆయన రాకపోతే ఎల్.ఏ. నుంచి ఇంకొకణ్ణి తెచ్చుకుంటాను. తర్వాత మాత్రం నన్ను డేట్ అడగొద్దు," అన్నాడు.

ఆ సాయంత్రం మా ఆయన తల పట్టుకున్నాడు. "కన్ఫర్మ్ చేసేముందు ఆయన్ని ఒక్క మాట అడిగుంటే అయిపోయేది కదా. మన కస్టమ్ వాళ్ళకెలా అప్లై అవుతుంది?"

"అది ఇప్పుడు చెబుతున్నారా," అని ఆయన మీద అరిచి, వంటింట్లోకి వెళ్ళి ఏడ్చాను. కోపం ఆయన మీద కాదు. కూయా నన్ను ఒక్క మాటైనా అనలేదు, అది తట్టుకోలేకపోయాను. ఆవిడ గొంతుతోనైనా దులిపేసి ఉంటే బావుండేది. ఆ గొంతే కదా ఇప్పుడు వాడకూడనిది.

మర్నాడు పనికి వెళ్తూ ఫోన్ చేశాడు. "నేను స్టేజీ ఎక్కుతానని చెప్పు. ఆవిడని ఎక్కించను. గౌను తేవద్దు. ఆవిడ గొంతున్న రికార్డు ఒక్కటి కూడా తేవద్దు, మైనస్ వన్‌లు మాత్రం తీసుకురా." ఏం చేస్తావని అడిగితే, "తెలియదు" అన్నాడు. అది నిజమే అయి ఉంటుంది.

ఇరవయ్యో రోజు మధ్యాహ్నం హాలు నిండిపోయింది. బాల్కనీలో కూడా చోటు లేదు. తెర తీశారు. కూయా తెల్ల చొక్కా, నల్ల ప్యాంటు వేసుకుని, మోకాలు కాస్త ఈడుస్తూ నడిచి వచ్చాడు. గౌను కోసం ఎదురుచూస్తున్న జనం చప్పట్లు సగంలో ఆపేశారు. స్టేజీ నడుమ ఒక మైకు స్టాండు ఉంది. అతను దాని దగ్గరికి పోలేదు. పక్కన, రెండడుగుల దూరంలో నిలబడ్డాడు.

ఆవిడ సినిమాల్లో అందరికీ తెలిసిన సీను ఒకటి ఉంది. కొత్త కోడలిగా ఆవిడ మాడిన అన్నం వడ్డిస్తుంది, అత్త తిడుతుంది, తాగిన మామ లొట్టలేసుకుంటూ తింటాడు, కోడలు ప్రతి మాటకీ ఎదురు చెబుతుంది. అతను అత్తని ఎత్తుకున్నాడు. నేను ఆ మెట్లెక్కిన మొదటి రోజు విన్న గొంతు అదే. అత్త తిట్టింది. తిట్టి, మైకు వైపు తిరిగి, కోడలి జవాబు కోసం చూసింది. అక్కడెవరూ లేరు. అతను అలాగే చూస్తూ ఉన్నాడు. హాల్లో ఎవరో ఇబ్బందిగా నవ్వారు. మళ్ళీ తిట్టాడు, మళ్ళీ ఆగాడు. రెండు వరసల్లో మనుషులు లేచి బయటికి వెళ్ళడం కనిపించింది. ప్రమోటర్ నా దగ్గరికి పరుగెత్తుకొచ్చి, "మాట మర్చిపోయాడు, ఆవిడ రికార్డు వెయ్యి," అన్నాడు. లేదన్నాను.

అతను మూడోసారి తిట్టాడు. అప్పుడు ముందు వరసల్లోంచి, చక్రాల కుర్చీలో ఉన్న ఒక ముసలావిడ, కోడలి జవాబు చెప్పింది. పీలగా, తన గొంతుతోనే. కూయా అత్తలా ఉలిక్కిపడి, ఆవిడ మీద విరుచుకుపడ్డాడు. రెండో జవాబు పదిమంది చెప్పారు. మూడోది బాల్కనీ చెప్పింది. ఆ తర్వాత అతను అత్త, మామ, పక్కింటావిడ, చుట్టపుచూపుగా వచ్చిన చర్చి ఫాదర్, అందరూ అయ్యాడు. కోడలు మాత్రం కాలేదు. కోడలు హాలంతా ఉంది. నవ్వులు, ఏడుపులు కలిసిపోయాయి. ఒక చోట నా పెదవులు కూడా కదులుతున్నాయని గమనించాను. అర్థం తెలియని భాషలో నేనూ ఆ మామని తిడుతున్నాను.

చివర్లో అతను ఎడమ చెవి ముట్టుకున్నాడు. ఊపిరి తీసుకోలేదు. నేనే అంచనాగా నొక్కాను. ఆవిడ పాటకి వాయిద్యాలు మొదలయ్యాయి. అతను నోరు గట్టిగా మూసుకుని, చేతులు కట్టుకుని, ఖాళీ మైకు వైపు తిరిగి నిలబడ్డాడు. హాలు పాడింది. శ్రుతి తప్పింది, తాళం తప్పింది, మొదటి చరణానికీ రెండో చరణానికీ తేడా లేకుండా పోయింది. అయినా చివరిదాకా పాడారు. అంత పెద్ద హాల్లో పాడనివాడు అతనొక్కడే.

ప్రమోటర్ మాట మీద నిలబడ్డాడు. మళ్ళీ పిలవలేదు. మేం రాసినా జవాబు ఇవ్వలేదు. గౌను వేసుకుని ఆ తెర వెనక నుంచి రావడం కూయాకి ఇక జరగలేదు. అది నా వల్ల పోయింది. ఎవరెన్ని చెప్పినా అది నా వల్లే పోయింది.

నలభై ఒకటో రోజు ఆదివారమే. పొద్దున్నే చర్చి నుంచి నేరుగా మా ఇంటికి వచ్చాడు. మా పాప బల్ల దగ్గర దోసె తింటోంది. అప్పుడు దానికి ఏడేళ్ళు. కూయా కుర్చీలో కూర్చుని, కాసేపు తన చేతుల్ని చూసుకున్నాడు. ఇరవై ఏళ్ళలో ఆవిడని ఇన్ని రోజులు ఎప్పుడూ వదల్లేదట. ఇంట్లో ఒంటరిగా చేసి చూడాలంటే భయం వేసిందన్నాడు. "తను వెళ్తూ వెళ్తూ ఆ గొంతు కూడా తీసుకుపోయిందేమో చెల్లీ. నాకు అది తప్ప ఏముంది?"

ఇంక ఉండబట్టలేక అన్నాను. "నీ హాలు నా వల్ల పోయింది కూయా. నన్ను ఒక్క తిట్టైనా తిట్టు."

"హాలు ఎక్కడ పోయింది? ఆ రోజు అంతమంది ఆవిడని చేశారు. నేనొక్కణ్ణే చేయలేదు," అని నవ్వాడు. బుగ్గ తడుముకున్నాడు.

నలభై రోజుల సంగతి ఇంట్లో విన్న మా పాప దోసె నములుతూ అతని వైపు తిరిగింది. "కానీ అంకుల్, ఎవ్రీబడీ ఆవిడ లైన్స్ చెప్పారు కదా. దెన్ షీ గాట్ కన్‌ఫ్యూజ్డ్, రైట్?"

ఈ మాట నాకు తట్టనే లేదు. కూయా మాత్రం దాన్ని పెద్దమనిషిని చూసినట్టు చూశాడు.

"లేదమ్మా. వాళ్ళు ఎవరి గొంతుతో వాళ్ళు చెప్పారు. అలాగైతే ఆవిడకి తెలుస్తుంది, తను ఇక్కడ లేనని. తనంటే ఇష్టమున్నవాళ్ళు ఉన్నారని కూడా తెలుస్తుంది. ఇంక హాయిగా వెళ్ళొచ్చు."

పాప తృప్తిపడి దోసె మీద పడింది. కూయా లేచాడు. స్టవ్ పక్కన, గోడకి వీపు ఆనించి నిలబడ్డాడు. యాభై నాలుగేళ్ళ మనిషి మొహంలో పరీక్షకి వెళ్ళే పిల్లాడి భయం. "ఒకవేళ రాకపోతే," అన్నాడు, "నవ్వకు."

నవ్వనన్నాను.

అతను కళ్ళు మూసుకున్నాడు. ఎడమ చెవి ముట్టుకున్నాడు. ముక్కుతో చిన్నగా ఒకసారి. ఆగాడు. నోటితో ఇంకొకసారి. మా వంటింట్లో ఆవిడే ఊపిరి తీసుకుంది. మీట లేదు, పాట లేదు, దోసె పిండి గిన్నె పక్కన నా వేలు దానంతటదే బల్లని నొక్కింది.